కిటికీ దాటిన నారు

న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటి కిటికీ గట్టు మీద మార్చిలో వంగ, మిరప, టమాటా గింజలు మొలిచాయి. మే నెల సగం అయ్యేదాకా అక్కడ మంచు భయం పోదు కాబట్టి అందాకా నారు ఇంట్లోనే. ఏప్రిల్ చివరికి టమాటా జానెడు సాగింది. చూపుకి అది ఎదుగుదలే. నిజానికి వెలుతురు చాలక తీసిన పరుగు. కాడ సన్నం, ఆకు పాలిపోయింది, ఒళ్ళంతా అద్దం వైపే వాలు. సత్సంగంలో కూర్చున్నంతసేపూ నా శాంతీ ఇలాగే ఉండేది. మహా పొడుగ్గా.

ఒక ఆదివారం ఎండ బాగుందని ట్రేలన్నీ ఒక్కసారే పెరట్లో పెట్టేశాను. ఆకుల మీద తెల్లమచ్చలు తేలాయి. "గంటతో మొదలుపెట్టాలి నాన్నా," అంది అమ్మాయి. మర్నాడు నీడలో గంట, ఆపైన రెండు, తర్వాత లేత ఎండ, పొద్దుగూకితే మళ్ళీ లోపలికి. ఇలా పది రోజులు. నీళ్ళూ కాస్త తగ్గించింది. గాలికి కాడలు ఊగుతుంటే నాకు ప్రాణం మీదికొచ్చేది. ఆ ఊపుకే కాడ లావెక్కుతుంది.

శమం, దమం, ఉపరతి, తితిక్ష, శ్రద్ధ, సమాధానం: సాధకుడికి ఉండవలసిన ఆరు సంపదలని వేదాంతులు చెప్పేవి ఇవి. చలీ వేడీ వచ్చిపోయేవే, ఓర్చుకోమని గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు చెప్పింది తితిక్ష గురించే. వివేకచూడామణి ఇంకా కఠినం. ఎదురుదెబ్బ తలపెట్టక, చింతించక, విలపించక సహించాలంటుంది. మనసును రాయి చేసుకోమన్నారని నేను ఏళ్ళ తరబడి అనుకున్నాను. ఇంట్లోవాళ్ళకు అది మొండితనంగానే కనిపించి ఉంటుంది. ఆ వరసలో తితిక్ష నాలుగోది కావడంలోని దయ నాకు ట్రేలు మోస్తున్నప్పుడు తెలిసింది. ముందు నీడ, ఆ తర్వాతే ఎండ.

మచ్చపడ్డ ఆకు మళ్ళీ పచ్చబడలేదు. మొక్క దాన్ని బాగుచేసుకునే పనే పెట్టుకోలేదు. పైన ఇంకో ఆకు తొడిగింది. ఎండలోనే పుట్టిన ఆకు అది. చిన్నది, మందం, ముదురు పచ్చ. దెబ్బతిన్న మనసునే పట్టుకుని గట్టిపరచాలని చూసిన నాకు, ఓర్పు కొత్తగా చిగురించేదన్న ఊహే తట్టలేదు.

అన్నిటికీ ఈ దారి నప్పదు. దోస, బీర వేరు కదిపితే అలుగుతాయి. వాటి గింజల్ని నేలలోనే వేయడం మేలు. మృత్యుంజయ మంత్రం ముక్తికి ఉపమానంగా చెప్పింది పండి తొడిమ వీడే దోసపండునే. పుట్టినచోటే పండి, ఒక్కసారే వీడే జన్మలూ ఉంటాయి కాబోలు. నాది వంగజాతి. నారు పోయాలి, తీయాలి, నాటాలి.

మే మూడో వారంలో ఒక సాయంత్రం నాటాం. టమాటాలను అమ్మాయి మెడదాకా పాతింది. మట్టి తగిలిన కాడంతా వేళ్ళు తొడుగుతుందట. రెండు రోజులు అన్నీ తలలు వేలాడేశాయి. వరినాట్లకు మా వైపు అనే మాట వాడితే, మూన తిరగడానికి, అంటే వేరు పట్టి తేరుకోవడానికి, వారం పట్టింది. మచ్చల ఆకు ఈలోగా ఎప్పుడు రాలిందో నేను చూడలేదు.