ఆ వెయ్యిలో ఒక అబద్ధం

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నిజం చెప్పొద్దూ, నా వంతుగా నేనూ నాలుగైదు ఆడాను. ఐదడుగుల పిల్లని ఐదడుగుల రెండంగుళాలన్నాను. కాఫీ కలపడం రాని పిల్లని పులిహోర చెయ్యడంలో దిట్ట అన్నాను. ఇలాంటివి పెళ్ళయిన వారానికే బయటపడతాయి. అందరూ నవ్వుకుంటారు, అంతటితో సరి.

కానీ పోయిన నెలలో ఒక అబద్ధం దగ్గర నా నోరు పెగల్లేదు.

మా పిన్ని మనవరాలికి, అంటే నా మేనకోడలికి, పెళ్ళిచూపులు. 26 ఏళ్ళ పిల్ల, బ్యాంకులో ఉద్యోగం. పగలంతా చూపు బాగానే ఉంటుంది. పొద్దు వాలిందంటే మాత్రం గడప తట్టుకుంటుంది. పిన్ని నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "వాళ్ళు వెళ్ళేసరికి చీకటి పడుతుందేమోనే. దాని పక్కనే ఉండి చెయ్యి పట్టుకో. ఎవరూ కనిపెట్టకూడదు" అంది.

రేచీకటి అనగానే మనకి మునగాకూ క్యారెట్లూ గుర్తొస్తాయి. ఎ విటమిన్ లోటు వల్ల వచ్చే రేచీకటి వేరు. ఇది వంశంలో దిగే జబ్బు, డాక్టర్లు రెటినైటిస్ పిగ్మెంటోసా అంటారు. పిల్లకి పరీక్ష చేయిస్తే రోడాప్సిన్ అనే ప్రోటీను తాలూకు జన్యువులో తేడా ఉందని తేలింది.

డాక్టరమ్మ చెప్పినదాన్ని నా వంటింటి భాషలో చెబుతాను. మసక వెలుతురులో చూడడానికి ఒక్కో కంట్లో 12 కోట్ల దాకా కణాలుంటాయట. వాటిలో వెలుతురును పట్టేది ఈ రోడాప్సినే. 348 పూసల దండ అనుకోండి. పూసలు గుచ్చితే చాలదు, ఆ దండ ఒక పద్ధతిలో ముడుచుకోవాలి. ముడుచుకుందో లేదో చూడడానికి కణం లోపల తనిఖీ ఉంది. చాటలో బియ్యం ఏరినట్టు వంకర వాటిని ఏరి, యుబిక్విటిన్ అనే చిన్న చీటీ అంటిస్తారు. చీటీ పడ్డదాన్ని ప్రోటియసోమ్ అనే రోట్లో వేసి ముక్కలు చేసేస్తారు. ఈ చీటీల సంగతి కనిపెట్టినందుకు 2004లో ముగ్గురికి నోబెల్ బహుమానం వచ్చింది.

1990లో అమెరికాలో ఈ జబ్బున్న కొన్ని కుటుంబాలను పరిశీలిస్తే, ఆ దండలో 23వ పూస మారిందని తేలింది. ఒకే ఒక్క పూస! దాంతో దండ సరిగా ముడుచుకోదు. కణం దాన్ని పారేయాలని చూస్తుంది. కానీ తయారయ్యే సరుకులో సగం వంకరదే అయితే ఎంతని ఏరుతుంది, ఎంతని దంచుతుంది? ఇదొక్కటే కారణం కాదట గానీ, ఏళ్ళ తరబడి ఆ బరువు మోసి మోసి చివరికి కణమే చచ్చిపోతుంది. మొదట రాత్రి చూపు పోతుంది, తరవాత పక్క చూపు. ఆ పైన గొట్టంలోంచి చూస్తున్నట్టే.

మా వాళ్ళకున్న రకంలో, తల్లిదండ్రుల్లో ఒకరికుంటే చాలు, పుట్టే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. బొమ్మా బొరుసా అన్నమాట. నా నోరు పెగలనిది ఇందుకే. రెండంగుళాల అబద్ధం వల్ల ఆ అబ్బాయికి పోయేదేం లేదు. ఈ అబద్ధం అతను ఆలోచించుకోవలసిన విషయాన్ని అతనికి అందకుండా చేస్తుంది.

అలాగని పిన్నిది తప్పని తేల్చెయ్యనూ లేను. "షుగరుందనీ బట్టతల వస్తుందనీ ఏ మగపెళ్ళివారు చెబుతున్నారే?" అని నిలదీసింది. కణం చీటీ అంటించేది ప్రోటీనుకి. మనం మనిషికే అంటించేస్తాం, అందులోనూ ఆడపిల్లకి మరీ త్వరగా. ఆవిడ భయం అదీ.

"నాకు మాత్రం ఎవరైనా చెప్పారా? నేను కాపరం చెయ్యలేదూ?" అంది.

నిజమే. మా బాబాయికీ ఉండేది. దీపాలవేళకి అరుగు మీంచి లేచేవారు కాదు. ఉత్త బద్ధకస్తుడని మేమంతా నవ్వుకునేవాళ్ళం.

"చెప్పి ఉంటే చేసుకునేదానివి కాదా పిన్నీ?" అన్నాను.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. పొయ్యి మీద పాలు దించి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, "చేసుకునేదాన్నే. కాకపోతే మొదటి పదేళ్ళూ ఆయన్ని తిట్టుకునేదాన్ని కాదు" అంది.

ఇన్నాళ్ళూ నేను నిజం చెప్పడమంటే మగపెళ్ళివారికి మేలు చెయ్యడమనే అనుకున్నాను. అది మన పిల్లకి కూడా అని అప్పుడు తెలిసింది. చెప్పకపోతే ఆమె తడబాటు పొగరనిపిస్తుంది, జాగ్రత్త బద్ధకమనిపిస్తుంది. అయినా చెప్పవలసింది నేనూ కాదు, పిన్నీ కాదు.

గుమ్మం దగ్గర అంతా విన్న మేనకోడలు అంది: "అత్తయ్యా, నా కళ్ళ సంగతి నేను చూసుకుంటాను. ఈ అబద్ధాన్ని కూడా జీవితాంతం నేనే మొయ్యాలా?"

ఆ సాయంత్రం తనే చెప్పింది, ఆ సగానికి సగం మాటతో సహా. వాళ్ళు వెళ్ళేటప్పుడు అందరి ముందే "అత్తయ్యా, చెయ్యి ఇవ్వండి" అని అడిగి మెట్లు దిగింది.

కబురింకా రాలేదు. పిన్ని నాతో ముభావంగా ఉంది. కానీ నిన్న వెళ్ళేసరికి, గోడకున్న బాబాయి ఫోటో దించి, కొంగుతో తుడుస్తూ కూచునుంది.