సాయమా, ఎవరికి?

'సాయం' అనే మాటతోనే నా పేచీ. మగవాడు వంటింట్లోకి వస్తే భార్యకి సాయం చేస్తున్నాడంటారు. తన ఆకలికి తాను పప్పు పొయ్యిమీద పెట్టుకోవడం నాకు సాయమెలా అవుతుంది? నేను వండినప్పుడు ఎవరూ ఆ మాట అనలేదే!

2024 జాతీయ కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలకి రోజుకి సగటున 289 నిమిషాలు పడితే పురుషులకి 88. 2019లో ఇవి 299, 97. ఇద్దరికీ తగ్గాయి. తగ్గిన పనంతా ఏ మూలో దుమ్ముగా పేరుకుందేమో! సరే, "కందిపప్పు ఎక్కడుంది?" అని మా ఆయన అడిగే నిమిషం ఆ 88లో చేరుతుందనుకుందాం. చదువుతున్న పుస్తకం మూసి నేను జవాబు చెప్పే నిమిషం ఎవరి ఖాతాలోకి?

ఇరవై రెండేళ్లుగా ఆ డబ్బా అదే అరలో ఉంది. ఆఫీసులో ఏ పాత ఫైలు ఏ బీరువాలో ఉందో మాత్రం ఆయన కళ్లు మూసుకుని చెప్పగలరు. జ్ఞాపకశక్తికేం లోటు లేదన్నమాట. తెలుసుకోనక్కర్లేకపోవడం ఒక హోదా. మా అత్తగారు దాన్ని అమాయకత్వమని మురిసిపోతారు. అదే అమాయకత్వం ఒక్కపూట నాకొస్తే ఇల్లు పట్టనిదాన్నవుతాను.

మొన్న డబ్బాలమీద పేర్లు రాసి అంటించమని నాకు సలహా ఇచ్చారు.

"మీరే రాయండి, పెన్ను ఉందిగా" అన్నాను.

"ఎక్కడ?"