తోపులో చెట్లు ఎన్ని?

ఉత్తర అమెరికా తూర్పు భాగంలో, ఏటి ఒడ్డు అడవుల నీడన సహజంగా పెరిగే పాపా చెట్టు బొప్పాయికి బంధువు కాదు. అది సీతాఫలం కుటుంబానిది. ఆ కుటుంబంలో తక్కినవి దాదాపు అన్నీ ఉష్ణమండల వృక్షాలు కాగా, ఇది మంచు కురిసే శీతకాలాన్ని ఓర్చుకొని, ఆగస్టు చివరి నుండి అక్టోబరు లోపల మెత్తని, తియ్యని పండ్లనిస్తుంది. పండిన కాయ రెండు మూడు రోజులకు మించి నిలవదు కనుక అంగళ్లకు చేరడం అరుదు, తినగోరినవారు పెరట్లో నాటుకోవలసిందే. అలా నాటుకున్నవారికి తాత్త్వికులు ఏనాడో వాదించుకున్న ప్రశ్న ఒకటి ఎదురవుతుంది: దేనిని ‘ఒకటి’ అనాలి?

పాపా వేళ్ల నుండి పిలకలు వేస్తుంది. కొన్నేళ్లకు ఒక మొక్క చుట్టూ తోపు ఏర్పడుతుంది. ప్రతి కాండానికీ తన ఆకులు, తన పూలు ఉన్నా, వాటన్నిటి జన్యువులు ఒక్కటే. ఆకుల కంటే ముందే వచ్చే ముదురు మెరూన్ పూలు కుళ్లు వాసనతో ఈగలను, పెంకు పురుగులను రప్పిస్తాయి గానీ, ఈ చెట్టుకు చాలావరకు స్వీయ విరుద్ధత, అంటే తన పుప్పొడితో తాను ఫలదీకరణ చెందని గుణం, ఉన్నందున తోపంతా పూసినా కాయ నిలవకపోవచ్చు. పాపా మేలు రకాలను రూపొందించిన నీల్ పీటర్సన్ అమెరికా నదుల పేర్లు పెట్టిన వాటిలో ‘షెనండోవా’ అంటు మొక్కలు రెండు నాటినవారు పుప్పొడి లెక్కలో ఒకటే నాటినట్టు. పక్కన ‘సస్క్వెహానా’ ఉండి, ఈగలు రాకపోతే చిన్న కుంచెతో దాని పుప్పొడిని షెనండోవా పువ్వులోని కీలాగ్రానికి అద్దితే కాయ పడుతుంది.

ఇక తాత్త్వికుల వాదానికి వస్తే, న్యాయ దర్శనానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాల రెండవ అధ్యాయంలో ‘అవయవి’ని గురించిన చర్చ ఉంది. భాగాలలో ఉంటూనే భాగాల కుప్పకు భిన్నమైన సమగ్ర వస్తువును నైయాయికులు అవయవి అంటారు. అటువంటిది లేదనీ, దూరాన ఉన్న సేన, అడవి ఒకటిగా తోచినట్లే పరమాణువుల గుంపు ఒకటిగా తోస్తుందనీ పూర్వపక్షి అంటే, పరమాణువులు ఇంద్రియాలకు అందనివి కనుక ఆ పోలిక చెల్లదని సిద్ధాంతి తోసిపుచ్చుతాడు. అడవి ఒకటనిపించడం దూరం వల్ల కలిగే భ్రాంతేనన్న మాటను మాత్రం ఇరువురూ తర్కించకుండానే ఒప్పుకున్నారు. పాపా తోపులో వ్యవహారం తలకిందులు: దగ్గరకు పోయినవారికి కనిపించేది అనేకత్వం, ఏకత్వం నేల కింద ఉంది.

అయినా జన్యువుల సాక్ష్యంతో తీర్పు ముగియదు. వేరు తెగిన పిలక విడిగా బతుకుతుంది, తల్లి కాండం ఎండినా అది ఎండదు. కాబట్టి పుప్పొడి పట్టిచ్చేది సాదృశ్యమే గానీ ఏకత్వం కాదని నైయాయికుడు వాదిస్తే, ఆ వాదమే బలమైనదని ఒప్పుకోవాలి. కవలలు ఎంత పోలినా ఇద్దరే కదా!

అంటు మొక్క ఈ భేదాన్ని మరింత స్పష్టం చేస్తుంది. 70 నుండి 100 రోజులు తడి ఆరకుండా చలిలో ఉంచితే గాని మొలవని గింజ నుండి, ప్రతిసారీ కొత్త జన్యు కలయికతో పుట్టిన మొక్క అడుగున వేరుమూలంగా నిలుస్తుంది. పైన షెనండోవా కొమ్మ అతుక్కుంటుంది. నీరు, ఆహారం పంచుకుని బతికే ఆ కాండం ఒకే అవయవి, అయినా పైభాగానికి కింది భాగం పరాయిది. వేరుమూలం పిలకను పూయనిస్తే దాని పుప్పొడితో పై కొమ్మ కాయ కాసే అవకాశం కూడా ఉంది. అయితే ఆ పిలక పండు ఎలా ఉంటుందో ముందుగా చెప్పలేము గనుక, తోటవారు సాధారణంగా దానిని చూసిన వెంటనే కోసివేస్తారు.