క్రిస్మసు కార్డు ఎప్పుడు పంపవలెను?

ధ్యానభాగములు: మత్తయి 5:23-24, 2 తిమోతికి 4:9-21

డిసెంబరు నెల సమీపించగానే అనేక గృహములలో ఒక ప్రశ్న పుట్టును: బంధుమిత్రులకు క్రిస్మసు కార్డులు ఎప్పుడు పంపవలెను? ఇది తపాలా లెక్కకు చెందిన చిన్న సంగతివలె తోచును. అయినను, మన ప్రేమ ఎవరికొరకు తొందరపడుచున్నది, ఎవరి విషయమై జాగు చేయుచున్నది అను పెద్ద ప్రశ్న దీనిలో ఇమిడియున్నది.

1843లో లండను నివాసియగు హెన్రీ కోల్, పండుగ జాబులన్నిటికి ప్రత్యుత్తరములు వ్రాయ తీరిక లేక, జాన్ హార్స్లీ అను చిత్రకారునిచేత ఒక కార్డు గీయించి అచ్చువేయించెను. అందులో నడుమ ఒక కుటుంబము పండుగ విందు చేయుచున్నది. ఒక ప్రక్క ఆకలిగొన్నవారికి ఆహారము, మరియొక ప్రక్క వస్త్రహీనులకు వస్త్రములు ఇయ్యబడుచున్నవి. తీరిక లేనందున పుట్టిన కార్డే అయినను, పండుగ బల్లయొద్ద చోటులేనివారిని అది మరువలేదు.

ఇక కాలము మాట. విదేశములలోనున్న వారికి నవంబరు నడుమనే పంపుట మంచిది. ఇతర రాష్ట్రములవారికి ఆగమన కాలపు మొదటి ఆదివారము, అనగా నవంబరు 27కును డిసెంబరు 3కును మధ్య వచ్చు ఆదివారము, తగిన గురుతు. సమీపముననున్న వారికి మరి రెండు వారములు ఆగవచ్చును. చిరునామా సరిచూచుకొనుడి. అమరాపురము, పెనుకొండ, ధర్మవరము, హిందూపురము 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. పాత పుస్తకములలో అనంతపురము జిల్లా అనియే యుండును. అమరాపురము కన్నడ సీమ సరిహద్దున నున్నది గనుక, కన్నడము చదువు బంధువునకు కన్నడములోనే రెండు మాటలు వ్రాసిన, అవి అతని హృదయమునకు మరింత దగ్గరగా చేరును.

“ఇప్పుడు చేతిలో ఫోను ఉన్నది; పండుగ తెల్లవారుజామున ఒక్క బొమ్మ నొక్కిన వందమందికి చేరును; ఇంత ముందుచూపు ఎందుకు?” అని కొందరందురు. నిజమే, దూరము తగ్గినది. అయితే మాటలాడుట మానివేసిన అన్నదమ్ముల మధ్యనున్న దూరమును ఏ యంత్రమును తగ్గించలేదు. పొలము గట్టు కొరకో, పెండ్లిలో జరిగిన మర్యాదలోపము కొరకో తెగిన బాంధవ్యములు మన సంఘములలో ఎన్ని లేవు? వందమందితోపాటు అతనికిని పంపిన బొమ్మ ఆ గాయమును తాకదు.

అపొస్తలుడైన పౌలు చెరలో నుండి తిమోతికి వ్రాయుచు, చలికాలమునకు ముందే రమ్మని బ్రతిమాలెను. ఆ దినములలో చలికాలమందు సముద్రప్రయాణములు నిలిచిపోవుచుండెను. కాలము మించిన పిమ్మట బయలుదేరిన ఓడ ఏమైనదో అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో చదువుచున్నాము. తిమోతికి ప్రేమ లేదని పౌలు శంకింపలేదు; ప్రేమకుకూడ అదను కలదని యెరిగెను. మన ఎఱ్ఱనేలల రైతుకు ఇది తెలిసిన సంగతే. పదును ఆరిన పిమ్మట మంచి విత్తనమైనను మొలకెత్తునా?

కాబట్టి కార్డుల జాబితా వ్రాయునప్పుడు మొదట ఎవరి పేరు వ్రాయవలెను? నిరుడు మనకు పంపినవారి పేరు కాదు. అది అప్పు తీర్చుటయే. మనకు మేలు చేయగల అధికారి పేరును కాదు, అది వ్యాపారమే. మనతో మాటలాడనివాని పేరు మొదట వ్రాయుదము. అర్పణమును బలిపీఠము నొద్దనే విడిచి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడుమని ప్రభువు నేర్పెను గదా. ఆ కార్డు పండుగకు చాలముందుగా చేరవలెను. ఏలయనగా అతడు చదివి, కోపగించి, ప్రక్కన పెట్టి, మరల తీసి చూచి, మెత్తబడుటకు దినములు కావలెను. మెత్తబడకపోయినను, వాకిలి మన తట్టునుండి తెరువబడియుండును.

ఈ యేడు మరణము ప్రవేశించిన గృహమును మరువకుడి. అట్టివారికి మెరుపుల కార్డు తగదు. పోయినవారి పేరు వ్రాసి, “మేము మరువలేదు” అని ఒక్క మాట చేర్చిన చాలును. సాధ్యమైన యెడల దానిని చేతపట్టుకొని వెళ్లి, కొంతసేపు వారితో కూర్చుండుడి.

ఆలస్యమైన యెడల ఏమి చేయవలెను? సిగ్గుచేత మానుకొనవద్దు. తూర్పు జ్ఞానులు ఆ రాత్రి గొల్లలతోకూడ రాలేదు. మత్తయి వారిని ఇంటిలోనికి వచ్చినట్లు చెప్పుచున్నాడు. అయినను వారి కానుకలు త్రోసివేయబడలేదు. వారి రాకను సంఘము జనవరి 6న జ్ఞాపకము చేసికొనుచున్నది. ఆ దినమున చేరిన కార్డును కార్డే. అయితే ఆలస్యముగా వచ్చినవానికి దొరకు కృపను, ముందుగానే జాగు చేయుటకు సాకుగా చేసికొనరాదు.

ప్రియులారా, కార్డు వెల కొద్దిపాటిదే. దానిని అందుకొనవలసినవారు వచ్చు క్రిస్మసునకు ఉందురో లేదో, పంపవలసిన మనము ఉందుమో లేదో ఎవరికిని తెలియదు. మొదటి పేరు ఎవరిదో మన మనస్సాక్షికి ఇప్పటికే తెలియును. ఆ ఒక్క కార్డు ఈ వారమే వ్రాయుదము.