కరెంటు లేని ఊరు

ఒడిశాలోని మన బరంపురానికి నైరుతి దిక్కున, శ్రీకాకుళం జిల్లా హిరమండలం వైపు, కూర్మ గ్రామం ఉంది. 2018లో కృష్ణభక్తులు కట్టుకున్న ఊరు. సున్నం, బెల్లం, కరక్కాయ కలిపి లేపిన గోడలు. కరెంటు లేదు, టీవీ లేదు, పిల్లలకు గురుకులం. అమెరికాలో ఇలాగే సాదాగా బతికే అమిష్‌ వాళ్లకు మనవైపు చుట్టాలన్నమాట! వింటే మనసు లాగుతుంది, నిజమే. కానీ 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక మన గంజాం జిల్లా జనమూ కరెంటు లేకుండానే బతికారు. మోటార్లు ఆగి నీళ్లు తోడిపోసిన ఆడవాళ్ల నడుముల్ని అడగండి, నిరాడంబరత ఎంత బరువో చెబుతాయి. కూర్మకు వెళ్లిన పెద్దలు అన్నీ చూసి, కావాలనే ఆ బతుకు ఎంచుకున్నారు. అక్కడే పెరిగే పిల్లకు రేపు నర్సు కావాలనిపిస్తే? ఆ చదువుకు దారి తెరిచి ఉంచాలన్నది నా పట్టు.