అడగకుండా తీయించిన నెత్తురు

కొత్తపట్నంలో మా పెదనాన్నకి 76 ఏళ్లు. సంక్రాంతికెళ్లినప్పుడు ఒంగోలు తీసుకెళ్లి ఫుల్ బాడీ చెకప్ చేయించాను. షుగర్, కొలెస్ట్రాల్‌తో పాటు ఆ ప్యాకేజీలో పీఎస్‌ఏ కూడా ఉంది. అదెందుకో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. 7.2 వచ్చింది. 4 దాటితే అనుమానించాలట.

పీఎస్‌ఏ ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రోటీన్. క్యాన్సరుంటే పెరుగుతుంది, వయసుతో గ్రంథి ఉబ్బినా, ఇన్ఫెక్షనున్నా పెరుగుతుంది. తేల్చుకోవాలంటే ఎమ్మారై, బయాప్సీ. క్యాన్సరే అని తేలినా, ముసలితనంలో చాలావాటికి మనిషిని చంపేంత తొందర ఉండదు. వైద్యం మాత్రం మూత్రం మీద పట్టు పోగొట్టొచ్చు. అందుకే అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2018లో, 55-69 ఏళ్లవాళ్లు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలనీ, 70 దాటినవాళ్లకి ఈ స్క్రీనింగ్ వద్దనీ చెప్పింది. ప్రోస్టేట్ యాంటిజెన్ గురించి 1970లోనే రాసిన రిచర్డ్ ఆబ్లిన్ కూడా, 2010లో న్యూయార్క్ టైమ్స్‌లో ఈ మూకుమ్మడి పరీక్షల్ని దుయ్యబట్టాడు.

అలాగని తెలియకపోవడమే సుఖం అనలేను. ఎముకలకి పాకి, నడుం నొప్పిగా బయటపడే క్యాన్సర్లూ ఉన్నాయి. కానీ ఎంత తెలుసుకోవాలో తేల్చుకోవాల్సింది ఎవరు? సరుగుడు తోట ఎప్పుడు కొట్టించాలో ఇప్పటికీ ఎవర్నీ అడగని మనిషి. ఆయన ఒంటి సంగతి ముందు నాకు తెలిసింది. పైగా రిపోర్టు మూడ్రోజులు నా బ్యాగులోనే దాచాను, ప్రేమనుకుని.

చివరికి చెప్పాను. "రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తున్నావు పెదనాన్నా?" అనడిగాను.

"నాలుగుసార్లు. ఇది ముందే అడగొచ్చు కదరా?"

డాక్టరు దగ్గరికి వెళ్లాలో వద్దో ఆయనింకా ఆలోచిస్తున్నాడు. ఈసారి అపాయింట్‌మెంట్ నేను తీసుకోలేదు.