విధవరాలు ఎన్నిసార్లు తిరగాలి?

లూకా సువార్త 18వ అధ్యాయంలో ఒక న్యాయాధిపతి ఉన్నాడు. దేవుడికి భయపడడు, మనుషుల్ని లెక్కచేయడు. ఒక విధవరాలు న్యాయం కోసం అతని దగ్గరికి పదే పదే వెళ్తుంది. చివరికి ఆమె పోరు పడలేక తీర్పు ఇస్తాడు. విసుగక ప్రార్థించాలని ప్రభువు చెప్పిన ఉపమానమది. ఒంగోలు చుట్టుపక్కల సంఘాల్లో కాపరిగా ఉన్నన్నాళ్లూ నేను దాన్ని అలాగే బోధించాను. ఇప్పుడు అట్లాంటాలో మా అమ్మాయి దగ్గర ఉంటూ ఇక్కడి తెలుగు సంఘంలో వాక్యం చెబుతున్నాను. ఈ ఉపమానం తెరిచినప్పుడల్లా మరో ప్రశ్న ఎదురవుతోంది. అన్నిసార్లు తిరగాల్సిన భారం ఆ విధవరాలి మీదే ఎందుకు ఉండాలి?

ఇక్కడి ఓటు చరిత్రలోనూ ఆ విధవరాలు కనిపిస్తుంది. పక్క రాష్ట్రమే అలబామా. 1965 మొదట్లో అక్కడి సెల్మా పట్టణం ఉన్న డల్లాస్ కౌంటీలో ఓటు వయసున్న నల్లజాతివారు సుమారు 15,000 మంది. ఓటర్ల జాబితాకెక్కింది మూడు నాలుగు వందల మంది. నమోదు కార్యాలయం నెలకు రెండు రోజులే తెరిచేవారు. లోపలికి వెళ్తే రాజ్యాంగం మీద ప్రశ్నలడిగేవారు. జవాబు ఒప్పో తప్పో అక్కడి అధికారి ఇష్టం. మిసిసిపీలో ఫానీ లూ హేమర్ 1962లో పేరు నమోదుకు వెళ్లి వస్తే, ఏళ్ల తరబడి పత్తి పండించిన తోట నుంచి ఆ రోజే వెళ్లగొట్టారు. సెల్మాకు దగ్గర్లోని మారియన్‌లో జిమ్మీ లీ జాక్సన్ అనే 26 ఏళ్ల యువకుడు ఓటు కోసం మళ్లీ మళ్లీ ప్రయత్నించాడు. బాప్టిస్టు సంఘంలో డీకన్. 1965 ఫిబ్రవరిలో తల్లిని కాపాడబోయి రాష్ట్ర పోలీసు తూటాకు గురయ్యాడు, ఎనిమిది రోజులకు చనిపోయాడు. మా సంఘాల్లో రొట్టె, ద్రాక్షరసం అందించే డీకన్లు కళ్లముందు మెదిలి, ఆ పేరు చదివినప్పుడు నా గొంతు పెగలదు. ఆ చావు పుట్టించిన ఆవేదనే మార్చి 7న ఊరేగింపుగా సెల్మా వంతెన మీదికి నడిచింది.

జాతిని బట్టి ఓటు కాదనకూడదని అమెరికా రాజ్యాంగం 1870లోనే చెప్పింది. అయినా ఒక ఎత్తుగడను కోర్టులో కొట్టేయిస్తే కౌంటీవాళ్లు ఇంకోటి తెచ్చేవారు. విధవరాలు మళ్లీ బయలుదేరేది. 1965 ఆగస్టు 6న వచ్చిన ఓటు హక్కుల చట్టంలోని ఐదో సెక్షన్ ఈ దారినే తిప్పేసింది. వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు పోలింగ్ కేంద్రం మార్చాలన్నా, నియోజకవర్గం గీత జరపాలన్నా ముందుగా వాషింగ్టన్‌లోని న్యాయశాఖ దగ్గరో ఫెడరల్ కోర్టులోనో అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది. దానివల్ల నల్లవారి ఓటుకు నష్టం లేదని నిరూపించాల్సింది మార్చేవాడే. మిసిసిపీలో 7 శాతం కూడా లేని నల్లవారి నమోదు 1967కల్లా దాదాపు 60 శాతానికి చేరింది.

"చట్టంతో హృదయాలు మారతాయా పాస్టరుగారూ?" అని సంఘంలో అడుగుతారు. ఆ రోజుల్లో ఈ దక్షిణాది తెల్లవారి సంఘాల్లోనూ చాలామంది ఇదే మాట అన్నారు: సువార్త చెప్పండి, మనుషులు మారితే దేశం అదే మారుతుంది అని. మాదిగపల్లెలో పుట్టినవాణ్ణి, ఊరి బావి దగ్గర ఈ మాట నాకు కొత్త కాదు. హృదయం మారాలని నేనూ రోజూ మోకరిస్తాను. అది మారేదాకా ఎదుటివాడు ఓటు లేకుండా కూర్చోవాలని ఏ లేఖనం చెప్పింది? ధర్మశాస్త్రం నీతిమంతుల కోసం కాదు, అక్రమం చేసేవారి కోసమని పౌలు తిమోతికి రాశాడు. ఆ న్యాయాధిపతి మారుమనస్సు పొందాడని ఉపమానంలో ఎక్కడా లేదు. అయినా విధవరాలికి న్యాయం దక్కింది.

2013 జూన్ 25న షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు, ఏ రాష్ట్రాలకు ఈ ముందస్తు అనుమతి నియమం వర్తించాలో చెప్పే సూత్రం పాతబడిందని 5-4తో కొట్టేసింది. ఐదో సెక్షన్ పుస్తకంలో ఉంది, పట్టుకోవడానికి రాష్ట్రం లేదు. దేశం మారిందన్న ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ మాటను నేను తోసిపుచ్చను, మారింది. కానీ తీర్పు వచ్చిన రోజే టెక్సస్, అంతకుముందు ఆగిపోయిన ఓటరు గుర్తింపు చట్టాన్ని అమలు చేస్తామని ప్రకటించింది. పొరుగువాడి సరిహద్దు రాయి జరపొద్దని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞాపిస్తుంది. జరిపాక పంట ఒకడు కోసుకుంటాడు, రెండోవాడు కోర్టుల చుట్టూ తిరుగుతాడు. ఎన్నికల్లోనూ అంతే: కేసు తేలేలోపు ఓట్లు పడిపోతాయి, గెలిచినవాడు కుర్చీలో కూర్చుంటాడు. పోయిన ఆ ఓటును ఏ తీర్పూ తిరిగివ్వలేదు.

కొత్త సూత్రం రాసుకొమ్మని కాంగ్రెస్‌కు కోర్టే దారి వదిలింది. ఆ మార్చి 7న సెల్మా వంతెన మీద తల పగిలిన జాన్ లూయిస్ పేరుతో తెచ్చిన అలాంటి బిల్లు 2021లో ప్రతినిధుల సభ దాటి సెనేట్‌లో ఆగిపోయింది. ఆయన ఈ అట్లాంటా ప్రజలు ఎన్నుకున్న సభ్యుడిగా ఉండేవారు. మనవాళ్లకు ఈ దేశపు తలుపు తెరిచిన వలస చట్టం కూడా ఆ 1965లోనే, అదే కాంగ్రెస్ చేసింది. పౌరసత్వం వచ్చి ఇక్కడ ఓటేసే మా సంఘస్థులకు ఇది చెబుతాను. ఆదివారం అధికారుల కోసం ప్రార్థించేటప్పుడు ఆ బిల్లు పేరెత్తుతాను. రాజకీయాలు గుడిలో వద్దని ఇద్దరు ముగ్గురు పెద్దలు నొచ్చుకున్నారు. వాళ్లిళ్లకు వెళ్లి, బైబిలు తెరిచి, జిమ్మీ లీ జాక్సన్ గురించి చెప్పి వస్తున్నాను.